విశాఖ ఎంత దూరం? మూడు జవాబులూ నిజమే

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరమని అడిగితే కనీసం మూడు జవాబులు వస్తాయి. పటం మీద స్కేలు పెట్టి కొలిచినవాళ్లు 500 కిలోమీటర్లంటారు. విజయవాడ మీదుగా కారు నడిపినవాళ్లు 620 అంటారు. రైలు లెక్క అడిగితే 700 అని వస్తుంది. మూడూ అవే రెండు ఊళ్ల మధ్య దూరాలు, మూడూ నిజమైనవే. అయినా అన్నిటికన్నా చిన్న అంకెకూ పెద్ద అంకెకూ మధ్య తేడా 200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఖమ్మం దాకా వెళ్లినంత దూరమది. ఊళ్ల మధ్య దూరాలు చెప్పే పట్టికల్లో విమాన దూరం, రోడ్డు దూరం పక్కపక్కనే ఉంటాయి. చూసేవాళ్లు తమకు పనికొచ్చే అంకె తీసుకుని రెండోదాన్ని వదిలేస్తారు. నిజానికి ఆ రెంటినీ ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే మిగిలేదే ఎక్కువ విషయం చెబుతుంది. ఆ మిగులును మన జనం ‘చుట్టు’ అంటారు. దారిలో కొండ ఎక్కడుందో, వంతెన ఎక్కడ లేదో, నూటముప్ఫై ఏళ్లకు ముందు ఎవరు ఎందుకు పట్టాలు వేశారో, ప్రభుత్వాలు ఎక్కడ ఖర్చు పెట్టాయో, ఎక్కడ పెట్టలేదో ఆ చుట్టులో నమోదై ఉంటుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే ప్రయాణం ఎలా చెయ్యాలన్నది మాత్రమే కాదు, దారులు ఎలా వెయ్యాలన్నది కూడా తేలికగా అర్థమవుతుంది.

ముందు సూటి దూరం సంగతి. దీన్ని కొలవడానికి ఎవరూ దారి వెంట నడవక్కర్లేదు, రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు. హైదరాబాద్ సుమారు 17.39 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.49 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ 17.69, 83.22 మీద ఉంది. అంటే విశాఖ హైదరాబాద్‌కు దాదాపు తిన్నగా తూర్పున, ఓ రవ్వ ఉత్తరానికి జరిగి ఉంది. ఒక అక్షాంశ డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశ డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర అంతే ఉంటుంది గానీ, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి మన అక్షాంశం దగ్గర అది 106కి తగ్గుతుంది. ఇక తూర్పు వైపు 4.73 డిగ్రీలంటే 501 కిలోమీటర్లు, ఉత్తరం వైపు 0.30 డిగ్రీలంటే 33. బడిలో చదువుకున్న పైథాగరస్ సూత్రం వేస్తే కర్ణం 502, 503 దగ్గర తేలుతుంది. పెద్ద పెద్ద దూరాలకు ఈ లెక్క సరిపోదు, భూమి గుండ్రదనాన్ని కలుపుకోవాలి. ఇంత దూరానికి మాత్రం కాగితం, కలం చాలు. ఇలా లెక్కకట్టగలగడం వెనక పెద్ద శ్రమ ఉంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల ఆధార రేఖను గొలుసులతో కొలిచి, అక్కడి నుంచి త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ దేశాన్ని కొలిచే పని మొదలుపెట్టాడు. నేల మీద దారి ఉన్నా లేకపోయినా రెండు చోట్ల మధ్య దూరం చెప్పగలగడం ఆ సర్వే మనకిచ్చిన వరం.

దారి లేని దూరం ఎవరికి కావాలి అనిపించవచ్చు. విమానాల కన్నా ముందు, కోస్తా జనానికి కావాలి. బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డప్పుడు విశాఖకు ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉందని వాతావరణ శాఖ చెప్పేది ఈ సూటి దూరమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు దానికి రోడ్డుతోగానీ వంతెనతోగానీ పని లేదు. అయితే ఈ సూటి గీత పటం మీద కనిపించేంత మామూలు గీత కాదు. గోడకు తగిలించిన ప్రపంచ పటంలో హైదరాబాద్ నుంచి షికాగోకు స్కేలు పెడితే గీత ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. గుండ్రటి భూగోళం మీద దారం బిగించి చూస్తే మాత్రం ఆ దారం మధ్య ఆసియా, రష్యా దాటి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అంటే ధ్రువానికి చాలా దగ్గరగా ఎక్కి, అవతలి పక్క కెనడా మీదుగా దిగుతుంది. గణితంలో మహావృత్తమనేది ఆ దారినే. ఆ లెక్కన దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు విమానంలో ముందు సీటు తెర మీద మంచు దేశాలు చూసి, ఇంత చుట్టు ఎందుకు తిప్పుతున్నాడని అనుకోవడం సహజం. గోళం మీద అదే దగ్గరి దారి. బల్లపరుపు పటమే మన కంటిని తప్పుదారి పట్టిస్తుంది.

మరి విమానమైనా ఆ సూటి గీత మీదే పోతుందా అంటే, అదీ లేదు. అందుకే పట్టికల్లో కనిపించే విమాన దూరాన్ని కాస్త అనుమానంగా చూడాలి. మొదటి కారణం, విమానం ఊరి నడిబొడ్డు నుంచి లేవదు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి సూటి దూరం 512 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఊరి నుంచి ఊరికి కొలిస్తే 503. ఈ తొమ్మిది కిలోమీటర్ల తేడాకు ఒక్కోసారి విలువ ఉంటుంది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు పెద్ద సంఖ్యలో రద్దయి టికెట్ల ధరలు పైకెగబాకినప్పుడు కేంద్ర ప్రభుత్వం దూరాన్ని బట్టి గరిష్ఠ ఛార్జీలు నిర్ణయించింది. 500 కిలోమీటర్ల వరకు 7,500 రూపాయలు, అది దాటి వెయ్యి కిలోమీటర్ల వరకు 12,000 రూపాయలు. హైదరాబాద్, విశాఖ లాంటి జంట సరిగ్గా ఆ సరిహద్దు గీతను ఆనుకుని ఉంది. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలన్న ప్రశ్న అక్కడ పండితుల చర్చగా మిగలదు, జేబు మీదికి వస్తుంది. రెండో కారణం, గాలిని బట్టి రన్‌వే ఎటు వాడితే అటు లేవాలి, నియంత్రణ అధికారులు చెప్పిన వాయుమార్గంలో పోవాలి, దిగేముందు వరసలో ఆగాలి. మూడో కారణం రాజకీయం. 2019లో కొన్ని నెలలు, మళ్లీ 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి యూరప్‌కు సూటి దూరం ఒక్క అడుగు కూడా పెరగలేదు. విమానాలు ఎగరాల్సిన దూరం మాత్రం వందల కిలోమీటర్లు పెరిగింది. నేల మీద చుట్టుకు కొండలూ నదులూ కారణమైతే, గాలిలో చుట్టుకు సరిహద్దులు కారణం.

ఇప్పుడు రోడ్డు దగ్గరికి వద్దాం. సూటిగా 503 ఉన్నచోట 620 కిలోమీటర్లు నడపాల్సి వస్తోందంటే చుట్టు సుమారు 117 కిలోమీటర్లు. దీన్ని రెండు ముక్కలుగా విడదీసి చూడవచ్చు. హైదరాబాద్ నుంచి విజయవాడకు సూటి దూరం 250, అక్కడి నుంచి విశాఖకు 303. రెండూ కలిపితే 553. అంటే, విజయవాడకు వెళ్లి తిరగాలన్న ఒక్క నిర్ణయంతోనే 50 కిలోమీటర్లు పడ్డాయి. దారి మొత్తం స్కేలుతో గీసినంత తిన్నగా ఉన్నా ఆ యాభై తప్పవు. మిగిలిన 67 కిలోమీటర్లు రోడ్డు వంపులవి. ఆ వంపులు కూడా రెండు సగాల్లో సమానంగా లేవు. 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ దాకా 270 కిలోమీటర్లు, అంటే సూటి దూరం కన్నా ఎనిమిది శాతమే ఎక్కువ. మన రోడ్లలో ఇంత తిన్ననిది అరుదు. విజయవాడ దాటి 16వ నంబరు రహదారి ఎక్కాక 303కి 350 అవుతుంది, పదిహేను శాతానికి పైగా చుట్టు. తీరం వంపును అనుసరిస్తూ, గోదావరిని దాటే చోటు వెతుక్కుంటూ, ఏలూరు, తణుకు, రావులపాలెం, రాజమహేంద్రవరం, తుని, అనకాపల్లి అంటూ ఊరూరూ పలకరిస్తూ పోయే రోడ్డు అది. ఒకే ప్రయాణంలో మొదటి సగం చెప్పే కథ వేరు, రెండో సగం చెప్పే కథ వేరు. 620 అన్న మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఈ సంగతి బయటపడదు.

ఆ యాభై కిలోమీటర్ల వంక ఎందుకు వచ్చిందో తెలియాలంటే సూటి గీత ఏ నేల మీదుగా పోతుందో చూడాలి. హైదరాబాద్ నుంచి విశాఖకు గీత గీస్తే అది డోర్నకల్, కొత్తగూడెం పరిసరాలు దాటి, భద్రాచలానికి కాస్త దక్షిణంగా గోదావరిని దాటి, మారేడుమిల్లి అడవుల మీదుగా నర్సీపట్నం దగ్గర మైదానంలోకి దిగుతుంది. అంటే తూర్పు కనుమలను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. చింతూరుకూ మారేడుమిల్లికీ మధ్య ఘాట్ రోడ్డు ఉంది, ఆ దారిన బండ్లు పోతాయి. కాని మలుపుల మీద మలుపులతో అక్కడ ఆదా అయ్యే కిలోమీటర్లు గంటల్లో తిరిగి కక్కాల్సి వస్తుంది. పాపికొండల దగ్గర గోదావరి ఇరుకైన కనుమలోంచి దూరి వస్తుంది. నది వెడల్పు తక్కువ కాబట్టి వంతెనకు అదే అనువైన చోటని పైపైన చూస్తే అనిపిస్తుంది. కాని ఆ ఒడ్డుకు రోడ్డు చేరాలన్నా, అవతలి ఒడ్డు నుంచి బయటపడాలన్నా కొండలే. రాజమహేంద్రవరం దగ్గర నది మూడు కిలోమీటర్ల దాకా విచ్చుకున్నా, రెండు వైపులా చదునైన నేల, పొలాలు, ఊళ్లు, బేరం ఉన్నాయి. అందుకే వంతెనలు అక్కడే వచ్చాయి. 1900లో హావ్‌లాక్ వంతెన రైలును దాటించింది. 1974లో రోడ్డు కం రైలు వంతెన బస్సులనూ లారీలనూ దాటించింది. 1997లో ఆర్చి వంతెన వచ్చింది. ఒకసారి వంతెన వచ్చిన చోటికి దారులన్నీ వంగుతాయి, ఆ దారుల వెంట ఊళ్లు పెరుగుతాయి, పెరిగిన ఊళ్లు మరో వంతెన తెచ్చుకుంటాయి.

రైలు 700 కిలోమీటర్లు ఎందుకు తిరుగుతుందో ప్రకృతితో చెప్పలేం, చరిత్రతో చెప్పాలి. సికింద్రాబాద్ నుంచి విజయవాడకు కాజీపేట మీదుగా రైలు దూరం 350 కిలోమీటర్లు. సూటి దూరానికి నూరు ఎక్కువ, రోడ్డు కన్నా 80 ఎక్కువ. ఆగ్నేయంగా ఉన్న విజయవాడకు పోవాల్సిన రైలు ముందు ఈశాన్యంగా కాజీపేటకు పోయి, అక్కడ దక్షిణానికి మళ్లుతుంది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన పట్టాలను నిజాం ప్రభుత్వ హామీతో నడిచిన రైల్వే కంపెనీ 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా పొడిగించింది. వరంగల్లు వ్యాపారం, సింగరేణి బొగ్గు ఆనాటి లెక్కలు. హైదరాబాద్ నుంచి విశాఖకు పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి చేరాలనుకునే ప్రయాణికుడు ఆ లెక్కలో లేడు. 2023 జనవరి 15న మొదలైన వందేభారత్ కూడా అదే వంపు మీద పరుగెత్తాలి. బండి కొత్తది, వేగం కొత్తది, దారి మాత్రం 1889 నాటిది. అందుకే ఆ రైలు సుమారు 699 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటల్లో దాటుతుంది. అదే సగటు వేగంతో రోడ్డంత దూరమే ఉంటే దాదాపు గంట మిగిలేది. రైలు ఛార్జీ దూరాన్ని బట్టి లెక్కకట్టేది కాబట్టి ఆనాటి మలుపుకు ఈనాటి ప్రయాణికుడు టికెట్టులో కొంత చెల్లిస్తున్నాడనే అనుకోవచ్చు.

ఈ కొలబద్దను ఇతర జంటల మీద పెట్టి చూస్తే దాని ఉపయోగం ఇంకా తెలుస్తుంది. రోడ్డు దూరాన్ని సూటి దూరంతో భాగిస్తే హైదరాబాద్, విజయవాడల మధ్య 1.08 వస్తుంది. హైదరాబాద్, విశాఖల మధ్య 1.23. హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి సూటిగా 150 కిలోమీటర్లే గాని రోడ్డు మీద 210 దాటుతుంది, నిష్పత్తి 1.4. అంకె పెరిగిన కొద్దీ మైదానం నుంచి నల్లమల లాంటి కొండల్లోకి వచ్చామని అర్థం. శ్రీశైలం దారికి మరో విశేషముంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే భాగంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేస్తారు. ఆ తొమ్మిది గంటలూ ఆ 210 కిలోమీటర్ల దారి ఉండీ లేనట్టే. ఇక నదులు అడ్డుపడితే నిష్పత్తి విపరీతంగా పెరుగుతుంది. నరసాపురం నుంచి గోదావరి వశిష్ఠ పాయకు అవతల కనబడే సఖినేటిపల్లికి పంటు మీద దాటితే ఎంతోసేపు పట్టదు. రోడ్డు మీదే పోవాలంటే పాలకొల్లు వైపు మళ్లి, చించినాడ వంతెన ఎక్కి చుట్టి రావాలి. సూటి దూరానికి అది ఎన్నో రెట్లు. అవనిగడ్డకూ రేపల్లెకూ మధ్య పులిగడ్డ, పెనుమూడి వంతెన రాకముందు పడవ కాదంటే విజయవాడ దాకా పోయి కృష్ణను దాటాల్సి వచ్చేది. పక్కపక్క ఊళ్లకు వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. వంతెన కట్టిన రోజున ఊళ్లు ఒకదానికొకటి దగ్గరికి జరగలేదు, నిష్పత్తి కూలింది. సూటి దూరం చిన్నదై, రోడ్డు దూరం పెద్దదై ఉందంటే అక్కడ కొండైనా ఉండాలి, వంతెనైనా కరువై ఉండాలి. మొదటిది భరించాల్సినది, రెండోది నిలదీసి అడగాల్సినది.

దూరం నుంచి కాలానికి వస్తే విమానం గురించి మరో నిజం బయటపడుతుంది. ప్రయాణ విమానం ఆకాశంలో గంటకు 800 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అయినా చిన్న పట్టణాలకు విమానాలు నడపడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకంలో గంట ప్రయాణాన్ని సుమారు 500 కిలోమీటర్లుగా లెక్కగట్టి, రాయితీ సీటుకు 2,500 రూపాయల పరిమితి పెట్టారు. 2017 ఏప్రిల్ 27న సిమ్లా, ఢిల్లీ విమానంతో పాటు కడప, హైదరాబాద్ విమానం కూడా ఆ పథకం కిందే మొదలైంది. ఎనిమిది వందల వేగం అయిదు వందలకు తగ్గడానికి కారణం లేవడం, ఎక్కడం, దిగడం, ఆగడం. దీనికి నేల మీద ఖర్చయ్యే సమయం కూడా కలపాలి. హైదరాబాద్ నడిబొడ్డు నుంచి శంషాబాద్‌కు పాతిక కిలోమీటర్ల దాకా ఉంది, కూకట్‌పల్లి వాళ్లకు ఇంకా ఎక్కువ. ఇంటి నుంచి గంట, తనిఖీలకు గంటన్నర ముందు చేరడం, దిగాక సామాను, క్యాబు, అవతలి ఊళ్లో మరో అరగంట, ముప్పావు గంట. ఎలా చూసినా విమానం ఎంత దూరం ఎగిరినా, ఎగరకపోయినా మూడున్నర నుంచి నాలుగు గంటలు ముందే రాసిపెట్టి ఉన్నాయి. ఇది పెళ్లి భోజనంలో వంటవాడి కూలి లాంటిది, విస్తళ్లు నూరు లేచినా వెయ్యి లేచినా పొయ్యి వెలిగించాల్సిందే.

ఈ స్థిర సమయం ఉండబట్టే విమానం ఒక దూరం దాటాకే గెలుస్తుంది. విశాఖకు విమానంలో ఇంటి నుంచి ఇంటికి అయిదు గంటల్లోపు పడితే, 620 కిలోమీటర్లను సగటున 60 వేగంతో నడిపితే విరామాలు కాక పది గంటలు దాటుతుంది. పోటీయే లేదు. విజయవాడకు లెక్క మారుతుంది. కారులో 270 కిలోమీటర్లు నాలుగున్నర, అయిదు గంటలు. విమానంలో శంషాబాద్ చేరడం, ఎగరడం, గన్నవరంలో దిగి ఊళ్లోకి రావడం కలిపినా దాదాపు అంతే. సూటిగా 200, 250 కిలోమీటర్ల దగ్గర రెండు దారులూ సమానమవుతాయి. ఆ లోపు దూరాలకు విమానం ఎక్కడం హోదా కోసమో, అవతల మరో విమానం అందుకోవడానికో అయి ఉండాలి. ఈ తూకాన్ని మార్చేది ఆకాశం కాదు, విమానాశ్రయం కట్టే చోటు. 2008లో వాణిజ్య విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు హైదరాబాద్ వాళ్ల స్థిర సమయం పెరిగింది. విశాఖలో ఇప్పటిదాకా విమానాశ్రయం ఊళ్లోనే నౌకాదళ స్థావరంలో ఉండేది. భోగాపురంలోని కొత్త అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం నగరానికి 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఎగిరే దూరం సుమారు 30 కిలోమీటర్లే పెరుగుతుంది, అది నిమిషాల పని. నేల మీద పెరిగేది గంట. కాబట్టి గాజువాక వాళ్లకు హైదరాబాద్ కాస్త దూరమవుతుంది, విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు దగ్గరవుతుంది.

ఇలా దూరాలు పోల్చి చూడడం మీద మొదట వచ్చే అభ్యంతరం, చేతిలో ఫోను ఉండగా ఈ లెక్కలన్నీ ఎందుకని. ఫోను దారి చూపిస్తుంది, కిలోమీటర్లు చెబుతుంది, ట్రాఫిక్‌ను బట్టి నిమిషాలు కూడా చెబుతుంది, నిజమే. కాని అది అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. మియాపూర్ నుంచి అడిగితే ఒక అంకె, ఎల్బీనగర్ నుంచి అడిగితే మరో అంకె. ఆ రెంటి మధ్య మెట్రో దారే 29 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 అన్నప్పుడు హైదరాబాద్ అంటే ఎక్కడ అన్న ప్రశ్నను మనమే వేసుకోవాలి. ఇంకా ముఖ్యంగా, ఫోను ఇవాళ ఉన్న దారుల్లో మేలైనది చూపిస్తుంది. ఉండాల్సి ఉండి లేని దారిని చూపించదు. సఖినేటిపల్లికి ముప్ఫై కిలోమీటర్ల చుట్టు చూపిస్తే అదే దారి అనుకుంటాం. సూటి దూరం రెండు మూడు కిలోమీటర్లే అన్నది పక్కన పెట్టుకుంటేనే అడగాల్సిన ప్రశ్న పుడుతుంది.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. మనిషికి కావాల్సింది కాలం, కిలోమీటర్లతో ఏం పని? విశాఖ బీచ్ రోడ్డులో పది కిలోమీటర్లకూ జాతీయ రహదారి మీద పది కిలోమీటర్లకూ పోలిక లేదు కదా అంటారు. ప్రయాణికుడి వరకు ఇందులో చాలా నిజముంది. పైన విమానం లెక్క కూడా గంటల్లోనే తేలింది. అయితే కాలం రోజురోజుకీ మారే సంఖ్య. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌గేట్ దగ్గర పడిగాపులు పడితే విజయవాడ అయిదు గంటల నుంచి తొమ్మిది గంటలకు జరిగిపోతుంది, పండగ దాటితే మళ్లీ వెనక్కి వస్తుంది. డీజిలు, టోలు, టైర్లు, లారీ కిరాయి, రైలు ఛార్జీ, ఉద్యోగి ప్రయాణ భత్యం, ఇవన్నీ కిలోమీటర్ల మీదే నడుస్తాయి. పైగా, ఆలస్యానికి కారణం చెప్పాలంటే కాలం ఒక్కటే చాలదు. వేగం తక్కువైతే రోడ్డు వెడల్పు చెయ్యాలి, ట్రాఫిక్ సరిదిద్దాలి. చుట్టు ఎక్కువైతే వంతెన కట్టాలి, కొత్త దారి వెయ్యాలి. రెండు జబ్బులకూ లక్షణం ఆలస్యమే అయినా మందులు వేరు. సూటి దూరాన్ని పక్కన పెట్టి చూస్తేనే ఏ జబ్బో తెలుస్తుంది.

చుట్టు ఇంత చెడ్డదైతే రోడ్లన్నీ తిన్నగా వేసేయవచ్చు కదా అన్నది మూడో ప్రశ్న. ఇక్కడ జాగ్రత్త కావాలి. రోడ్డు రెండు చివరల ఊళ్ల కోసం మాత్రమే ఉండదు. విజయవాడ మీదుగా పోయే 620 కిలోమీటర్ల దారి వెంట సూర్యాపేట నుంచి అనకాపల్లి దాకా లక్షల మందికి అదే బజారు, అదే ఆసుపత్రి దారి. హైదరాబాద్, విశాఖ మధ్య పోయేవాళ్లకు యాభై కిలోమీటర్ల వంక అనిపించేది విజయవాడ, ఏలూరు వాళ్లకు సూటి దారే. మరోవైపు మారేడుమిల్లి అడవుల్లోంచి ఆరు వరసల రోడ్డు తియ్యాలంటే ఆ ఖర్చు డబ్బుతో పోదు, అడవీ, అక్కడి గిరిజనుల బతుకూ కూడా లెక్కలోకి వస్తాయి. వీటి మధ్య రాజీ ఎలా ఉంటుందో ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్లు చేపట్టిన నాలుగు వరసల గ్రీన్‌ఫీల్డ్ రహదారిలో చూడవచ్చు. సూర్యాపేట నుంచి ఖమ్మం దాకా వెడల్పయిన రోడ్డుతో కలిసి అది విజయవాడ మలుపును తప్పిస్తుంది, సత్తుపల్లి మీదుగా కొండలకు దిగువనే ఉండి గోదావరిని పాత వంతెనలున్న రాజమహేంద్రవరం దగ్గరే దాటిస్తుంది. ప్రకృతి పెట్టిన చుట్టును గౌరవిస్తూ, అలవాటు పెట్టిన చుట్టును తగ్గించే ప్రయత్నమిది. దానికీ ధర ఉంది. పొలాలు పోయిన రైతులున్నారు, బండ్లు తప్పుకుపోతే గిరాకీ తగ్గే పాత దారి ఊళ్లున్నాయి. చుట్టు తగ్గించడం ఎప్పుడూ మంచిదే అనడం నా ఉద్దేశం కాదు. ఎంత చుట్టు ఎవరికి ఎందుకు ఉందో తెలుసుకుని నిర్ణయించాలన్నదే వాదన.

ఆ తెలివిడి అన్నిటికన్నా ఎక్కువగా కావాల్సింది విమానం ఎక్కే అవకాశమే లేనిచోట. హైదరాబాద్ నుంచి విశాఖ పోయేవాడికి విమానం, రైలు, బస్సు, కారు ఉన్నాయి. 1.23 అన్న నిష్పత్తి వాడికి ఒక సౌకర్యం లెక్క. ఏజెన్సీలో వాగు అవతలి గూడేనికి, గోదావరి లంకల్లోని ఊరికి అదే నిష్పత్తి ప్రాణం లెక్క. పటం మీద ఆసుపత్రి నాలుగు కిలోమీటర్లే ఉంటుంది, వాగు పొంగితే అది పది రెట్లవుతుంది. విద్యా హక్కు చట్టం కింద చేసిన నిబంధనలు ప్రాథమిక పాఠశాల కిలోమీటరు నడక దూరంలో ఉండాలన్నాయి. నడక దూరం అన్న మాటకు అక్కడ విలువ ఉంది, ఎందుకంటే పిల్లలు గీత మీద నడవరు, గట్టు మీద నడుస్తారు. పాఠశాలలు విలీనం చేసేటప్పుడు, ఆరోగ్య కేంద్రం ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు, మండల కేంద్రాన్ని మార్చేటప్పుడు అధికారుల ముందు పటం ఉంటుంది, పటం మీద గుండ్రని గీతలు ఉంటాయి. ఆ ఫైలులో ప్రతి ఊరికీ సూటి దూరం పక్కన దారి దూరం, వానాకాలపు దారి దూరం కూడా రాయించడం పెద్ద ఖర్చు కాదు. ఆ మూడు అంకెలూ పక్కపక్కన కనబడితే ఎక్కడ వంతెన కావాలో, ఎక్కడ బస్సు చాలో చెప్పడానికి వేరే నిపుణుల సంఘం అక్కర్లేదు. రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతని ఎవరైనా ఒకే అంకె చెప్పినప్పుడు, అది ఏ దారిన, ఎవరికి, ఏ కాలంలో అని తిరిగి అడగడం పౌరుడికి హక్కు. ఆ అంకె మీద నిర్ణయం తీసుకునేవాళ్లకు అది బాధ్యత.